రుతుపవనాలు ముందొచ్చాయి, శివారుకు నీళ్లెప్పుడొస్తాయి?

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఈ ఏడాది, 2025లో, రోహిణి కార్తె మే 25న మొదలైతే ఒకరోజు ముందే, మే 24న, నైరుతి రుతుపవనాలు కేరళను తాకాయి. జూన్ 1న రావాల్సినవి ఎనిమిది రోజులు ముందొచ్చాయి. 2009 తర్వాత ఇంత ముందుగా రావడం ఇదే. మే 26కల్లా రాయలసీమలో ప్రవేశించి, నెల గడవకముందే కోస్తాలోకీ వచ్చాయి. మే 27న వాతావరణ శాఖ రెండో విడత అంచనా కూడా ప్రకటించింది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా దేశమంతటా కలిపి దీర్ఘకాలిక సగటులో 106 శాతం వాన పడుతుందని, నాలుగు శాతం అటూ ఇటూ కావచ్చని చెప్పింది. దక్షిణాదిన కూడా సాధారణం కంటే ఎక్కువే అంది.

టీవీలు ఆ రోజు నుంచి 'చల్లటి కబురు' అని మోగిస్తూనే ఉన్నాయి. మన సభ్యులు చేసిన ఫోన్లలో మాత్రం రెండే ప్రశ్నలు: నారు పోసేయమంటారా? కాలువకు నీళ్లెప్పుడు వదులుతారు? ఈ రెంటికీ ఆ 106లో జవాబు లేదు. లేకపోవడం వాతావరణ శాఖ తప్పని మేము అనడం లేదు. వారు చెప్పగలిగింది వారు చెప్పారు. దాన్ని రైతుకు పనికొచ్చే మాటగా మార్చాల్సినవారు మార్చడం లేదన్నదే మా ఫిర్యాదు.

ముందు ఆ అంకె సంగతి చూద్దాం. దేశం మొత్తానికి నైరుతి కాలపు సగటు వాన 87 సెంటీమీటర్లు. అందులో 106 శాతమంటే 92 సెంటీమీటర్ల పైచిలుకు. ఇది రాజస్థాన్ ఎడారినీ, కేరళ కొండలనూ, మన కోనసీమనూ కలిపి తీసిన లెక్క. వాతావరణ శాఖ దేశాన్ని 36 ఉపవిభాగాలుగా చూస్తుంది. మన కోస్తా అంతా, యానాంతో కలిపి, అందులో ఒక్కటి. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా సుమారు వెయ్యి కిలోమీటర్ల తీరం ఆ ఒక్క గడిలోనే ఉంది. శ్రీకాకుళం రైతు బతుకు నైరుతి మీద ఆధారపడితే, నెల్లూరు రైతుకు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు తర్వాత ఈశాన్య రుతుపవనాల్లోనే పడుతుంది. 'కోస్తాలో సాధారణం కంటే ఎక్కువ వాన' అన్న మాట ఇద్దరి చెవినా ఒకేలా పడుతుంది. ఇద్దరి పొలాల్లోనూ దాని అర్థం ఒకటి కాదు.

పైగా నాలుగు నెలల సగటు రోజుల్ని దాచేస్తుంది. పది రోజుల వాన రెండు రోజుల్లో పడి, తర్వాత ఇరవై రోజులు చుక్క రాలకపోయినా నెలాఖరు లెక్కలో అది 'సాధారణమే'. ఆ నెలలో నారు మునిగి కుళ్లిపోయిన రైతూ ఉంటాడు, తిరిగి పోసిన నారు ఎండిపోయిన రైతూ ఉంటాడు. చాలాసార్లు ఇద్దరూ ఒక్కరే.

2009 తర్వాత ఇదే తొందరగా రావడం అని అందరూ రాస్తున్నారు గనుక, 2009లో ఏం జరిగిందో కూడా గుర్తుచేయాలి. ఆ ఏడాది మే 23న కేరళలో రుతుపవనాలు మొదలయ్యాయి. అదే సమయంలో బంగాళాఖాతంలో ఐలా తుపాను పుట్టి మే 25న పశ్చిమ బెంగాల్ దగ్గర తీరం దాటింది. గాలుల్లోని తేమ అటు లాగేసుకుపోవడంతో రుతుపవనాల నడక ఆగిపోయింది. జూన్‌లో దేశమంతటా కలిపి పడాల్సిన వానలో సగం కంటే కాస్త ఎక్కువ మాత్రమే పడింది. నాలుగు నెలలూ గడిచేసరికి 22 శాతం లోటు తేలింది. 1972 తర్వాత అంతటి కరువు లేదన్నారు. ముందొచ్చిన వానను నమ్మి విత్తనం వేసినవాళ్లు రెండోసారి, మూడోసారి కూడా కొనుక్కున్నారు. కథ అక్కడితో అయిపోలేదు. కరువని తేల్చుకున్నాక అక్టోబరు మొదటి వారంలో కృష్ణకు వరద ముంచుకొచ్చింది. కర్నూలు మునిగింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన ప్రవాహం కొల్లూరు, రేపల్లె వైపు లంకలనూ, దివిసీమనూ ముంచెత్తింది. ఒకే సంవత్సరంలో కరువు నష్టం, వరద నష్టం రెండూ రాయించుకోవాల్సి వచ్చింది.

ఈసారీ అలాగే అవుతుందని మేము జోస్యం చెప్పడం లేదు. 2009లో పసిఫిక్ సముద్రంలో ఎల్‌నినో బలపడుతూ ఉంది. ఈ ఏడాది అటూ ఇటూ కాని తటస్థ స్థితి ఉందని వాతావరణ శాఖ చెబుతోంది. అది మంచి కబురే. కానీ ఒక్కటి గమనించాలి. ఈసారి కూడా మే 29న వాయవ్య బంగాళాఖాతంలో తీవ్ర వాయుగుండం ఏర్పడి బెంగాల్, బంగ్లాదేశ్ తీరం వైపు వెళ్లిపోయింది. ఇలాంటిది అటు దాటిపోయాక మన దగ్గర పడమటి గాలి తిరిగి, నాలుగైదు రోజుల కిందట చల్లగా ఉన్న నేల మళ్లీ కాలిపోవడం మనం ఎరగనిది కాదు. 2023నే తీసుకోండి. రుతుపవనాలు వచ్చాయని ప్రకటించాక కూడా జూన్ మూడో వారం దాకా కోస్తాలో వడగాలులు తగ్గలేదు. అందుకే 'వచ్చాయి' అన్నది తేదీ మాత్రమే, నీళ్లు కావు.

మెట్ట రైతులకు మా మాట: తొలి వానకు దున్నుకోండి, విత్తనానికి తొందరపడకండి. నల్లరేగడిలో పత్తి పెట్టాలంటే కనీసం 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడి భూమి లోపలి దాకా తడవాలి. పైన వేలెడు తడిసి కింద పొడిగా ఉంటే మొలక వచ్చినట్టే వచ్చి మాడిపోతుంది. మాగాణి రైతులు ఈ తడిని జీలుగ, జనుము, పిల్లిపెసర చల్లుకోవడానికి వాడుకోవచ్చు. పూతకొచ్చాక కలియదున్నితే యూరియా ఖర్చు కొంత తగ్గుతుంది. విత్తనం సబ్సిడీ మీద దొరకాల్సింది ఇప్పుడే, జూలైలో లారీ దిగితే ఎవరికి పనికొస్తుంది? ఉత్తరాంధ్రలో నువ్వు వేసుకున్నవాళ్లకు ఈ వానలు కలిసొచ్చాయి. నీరు నిలవకుండా బోదెలు తీసుకుంటే చాలు.

డెల్టా విషయం వేరు. ఇక్కడ సార్వాకు ముహూర్తం పెట్టేది మబ్బు కాదు, లాకు. దాని గురించే మేము ఎక్కువ మాట్లాడదలచుకున్నాం, ఎందుకంటే జూన్‌లో జరిగే ఆలస్యం మే నెల దాకా వెంటాడుతుంది.

లెక్క వేయండి. స్వర్ణ 150 రోజుల పంట. బీపీటీ 5204 కూడా దాదాపు అంతే. జూన్ 10న నారు పోస్తే నవంబరు 7 ప్రాంతంలో కోతకొస్తుంది. అదే నారు జూలై 10న పోస్తే కోత డిసెంబరు 7కు పోతుంది. 2023లో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5న. బాపట్ల, గుంటూరు, కృష్ణా జిల్లాల్లో అప్పుడు చేను కొంత కోతకు సిద్ధంగా, కొంత పనల మీద, కొంత కుప్పల్లో ఉంది. ఆ రోజు నష్టపోయిన రైతుకు తుపాను ఎంత కారణమో, ఆ ఏడాది నీళ్లు ఆలస్యంగా రావడం అంతే కారణం.

నవంబరు మొదటి వారం భద్రమని కూడా మేము అనం. 2012లో నీలం తుపాను తమిళనాడులో తీరం దాటినా, నవంబరు మొదటి రోజుల్లో మన డెల్టాను వానతో ముంచింది. బంగాళాఖాతం పక్కన ఉన్నంతకాలం పూర్తి భద్రత ఎవరికీ లేదు. కానీ నవంబరులో దెబ్బతింటే దాళ్వాతో కొంత కోలుకోవచ్చు. డిసెంబరులో దెబ్బతింటే ఆ అవకాశం కూడా జారిపోతుంది. డిసెంబరు నెల కోతలతో, నూర్పిళ్లతో గడిచిపోతే దాళ్వా నారు జనవరికి పోతుంది. జనవరి 1న పోసిన 120, 125 రోజుల రకం మే మొదటి వారానికి కోతకొస్తుంది. మే మొదటి వారంలో ఈ ఏడాది ఏం జరిగిందో చెప్పనక్కర్లేదు. గాలివాన వచ్చి గోదావరి జిల్లాల్లో కళ్లాల్లో, రోడ్ల మీద ఆరబోసిన ధాన్యం తడిసింది. అరటి గెలలతో సహా పడిపోయింది. మామిడి నేలరాలింది. 17 శాతం తేమ దాటిందని చెప్పి 75 కిలోల బస్తాకు మద్దతు ధర ప్రకారం రావాల్సిన 1725 రూపాయల్లో ఎవరెవరు ఎంతెంత కోశారో ఆ రోజుల్లో మన కమిటీలు పంపిన కాగితాలు మా దగ్గరున్నాయి.

ఆ తడిసిన ధాన్యానికి ప్రభుత్వం 'అకాల వర్షం' అని పేరు పెట్టింది. కోస్తాలో మే నెల వానలు అకాలమేమీ కాదు. 1990 మే 9న కృష్ణా ముఖద్వారం దగ్గర తుపాను తొమ్మిది వందల మందికి పైగా ప్రాణాలు తీసింది. 2010 మే 20న లైలా బాపట్ల దగ్గరే తీరం దాటింది. 2022 మేలో అసని మచిలీపట్నం, నరసాపురం మధ్య తిరుగాడింది. వాన తన కాలానికే వచ్చింది. కాలం తప్పింది మన పంట. తప్పించింది కాలువ.

2022లో ప్రభుత్వం జూన్ 1న గోదావరి డెల్టాకు, జూన్ 10న కృష్ణా డెల్టాకు నీరు వదులుతామని ప్రకటించింది. ముందస్తు సార్వా ఆలోచన మంచిదే. మన సంఘం ఆనాడూ సమర్థించింది, ఇప్పుడూ సమర్థిస్తుంది. కానీ తేదీ దేనికి? ధవళేశ్వరం దగ్గర గేటు ఎత్తినందుకా, శివారు చేను తడిసినందుకా? మంత్రులు పసుపు, కుంకుమ చల్లిన రోజు పేపర్లో ఫొటో వస్తుంది. శివారు రైతు నీళ్లు చూసేది రెండు మూడు వారాల తర్వాత. కోనసీమ శాఖ సమావేశంలో ఒక పెద్దాయన అన్న మాట ఇది: "నీళ్లొదిలారని మా మనవడు సెల్లులో చూపించాడండి. బోదెలో మాత్రం గేదె దాహానికి కూడా లేవండి." నవ్వారంతా. తర్వాత లేచి మాట్లాడిన ఎనిమిది మందీ అదే చెప్పారు.

ఎందుకిలా అవుతుందో మనకు తెలుసు. వేసవి చివర గోదావరిలో సహజ ప్రవాహం తక్కువ, సీలేరు నుంచి వచ్చే నీటి మీద ఆధారపడాలి. కృష్ణా డెల్టాకు పట్టిసీమ నుంచి 24 పంపులూ తిరిగితే 8500 క్యూసెక్కులు, అవి తిరగాలంటే ముందు గోదావరికి నీరు రావాలి. రుతుపవనాలు మన ఊళ్లోకి వచ్చినంత మాత్రాన గోదావరికి నీరు రాదు. మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్‌లలో పడాలి. కాబట్టి ఉన్న నీటిని ముందు ఎవరికి, తర్వాత ఎవరికి అన్నది జూన్ మొదటి వారంలోనే తేల్చాలి. వంతులు పెట్టాల్సి వస్తే శివారు నుంచి మొదలుపెట్టాలని మేము ఏళ్ల తరబడి అడుగుతున్నాం. ఎగువ రైతులు మనవాళ్లే, దిగువ రైతులూ మనవాళ్లే. ఎగువన రెండు తడులు అయ్యేలోపు దిగువన ఒక్క తడి కూడా లేకపోతే రేపు ఊళ్ల మధ్య గొడవలు వస్తాయి. లస్కర్ల పోస్టులు ఖాళీగా పెట్టుకుని గేట్లు ఎవరు కాపలా కాస్తారో అధికారులే చెప్పాలి.

కాలువలు కట్టేసి ఉండే ఏప్రిల్, మే నెలల్లోనే పూడిక తీయాలి, లాకులు బాగుచేయాలి, డ్రెయిన్లలో గుర్రపుడెక్క, తూడు తొలగించాలి. వానలు ముందొచ్చాయి కాబట్టి పనులు ఆగిపోయాయనే మాట ఇప్పటికే వినిపిస్తోంది. మే 24న వాన వస్తే ఆగిపోయే పని ఏప్రిల్‌లో ఎందుకు మొదలుకాలేదు? డ్రెయిన్ల సంగతి వదిలేస్తే ఏమవుతుందో 2011లో కోనసీమ చూపించింది. మురుగు పోక, గిట్టుబాటు లేక, వేలాది ఎకరాల్లో సార్వా మానేసి రైతులు పంట విరామం ప్రకటించారు. దేశమంతా వచ్చి చూసి వెళ్లింది, కమిటీ వేశారు, నివేదిక వచ్చింది. డ్రెయిన్లలో తూడు మాత్రం ఏటా వస్తూనే ఉంది.

ఇక అంచనాలు రైతుకు చేరే దారి. మే 26న ఢిల్లీలో 'భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్' ప్రారంభించారు. పుణెలోని శాస్త్రవేత్తలు తయారుచేసిన ఈ విధానం ఇదివరకు 12 కిలోమీటర్ల గడిగా చూసే వాతావరణాన్ని 6 కిలోమీటర్ల గడిగా చూస్తుందట. కొన్ని పంచాయతీలకు కలిపి ఒక అంచనా ఇవ్వవచ్చట. ఆ శాస్త్రవేత్తలను మనసారా అభినందిస్తున్నాం. అయితే అదే కేంద్ర ప్రభుత్వం 2024 మార్చితో దేశంలో 199 జిల్లా వ్యవసాయ వాతావరణ విభాగాలను మూసేసిందని కూడా గుర్తుంచుకోవాలి. కృషి విజ్ఞాన కేంద్రాల్లో ఉండి, ఫలానా మండలంలో నాలుగు రోజులు వాన ఉంది, మందు కొట్టకండి, కోత వాయిదా వేయండి అని స్థానిక భాషలో చెప్పే పని వారిది. ఒక్కో కేంద్రంలో ఇద్దరు ఉద్యోగులు. ఆ ఇద్దరి జీతం భారమైందట. కళ్లద్దాల పవర్ పెంచి, చదివిపెట్టే మనిషిని ఇంటికి పంపినట్టుంది ఇది.

సెల్లుకు మెసేజ్ వస్తుంది కదా అంటారు. వస్తుంది. మే మొదటి వారంలో మాలో ఒకరికి 'పిడుగులతో కూడిన వర్షం పడే అవకాశం, సురక్షిత ప్రాంతంలో ఉండండి' అన్న మెసేజ్ వచ్చింది. అప్పటికి ఆయన బరకం కప్పుతూ తడిసి ముద్దయి ఉన్నాడు. ఒకవేళ ముందే వచ్చినా, మనిషి సురక్షిత ప్రాంతానికి వెళ్తాడు, మూడొందల బస్తాలు ఎక్కడికి వెళ్తాయి? బరకాలు రైతు సేవా కేంద్రంలో ఉన్నాయా, గోనె సంచులు వచ్చాయా, లారీ ఎప్పుడొస్తుంది, ఈ మూడూ చెప్పని హెచ్చరిక సగం హెచ్చరికే.

బీమా గురించి క్లుప్తంగా. ప్రీమియంలో రైతు వాటా ఇప్పుడు మనమే కట్టాలి. ఖరీఫ్ ఆహార పంటలకు బీమా మొత్తంలో రెండు శాతం. కోసి పొలంలో ఆరబెట్టిన పంట తుపానుకో, అకాల వర్షానికో దెబ్బతింటే కోసిన 14 రోజుల దాకా పరిహారానికి అర్హత ఉంది. కానీ నష్టం జరిగిన 72 గంటల్లోపు తెలియజేయాలి. కరెంటు, సిగ్నలు లేని తుపాను మర్నాడు ఈ 72 గంటలు ఎంత త్వరగా గడిచిపోతాయో తెలుసు కదా, కాబట్టి నంబర్లు ఇప్పుడే కాగితం మీద రాసి ఇంట్లో పెట్టుకోండి. డెల్టాలో సేద్యం చేసేది ఎక్కువగా కౌలు రైతులు. 2019 చట్టం ప్రకారం సాగు హక్కు పత్రం కావాలంటే భూయజమాని ఒప్పుకోవాలి. ఒప్పుకునేవారు తక్కువ. పత్రం లేదు కాబట్టి ఈ-పంటలో పేరు ఎక్కదు, పేరు లేదు కాబట్టి పరిహారం భూమి ఉన్నవారి ఖాతాలో పడుతుంది. కౌలు బస్తాలు మాత్రం తుపాను వచ్చినా రాకున్నా కొలిచి ఇవ్వాల్సిందే. యజమాని సంతకం లేకుండానే, గ్రామసభ ధృవీకరణతో పత్రం ఇవ్వాలన్న మన డిమాండు ఈ ఖరీఫ్‌కే అమలు కావాలి. సెప్టెంబరులో కార్డులిస్తే అవి గోడకు తగిలించుకోవడానికే.

ప్రభుత్వాన్ని మేము అడిగేవి ఇవీ: నీటి విడుదల తేదీతో పాటు ప్రతి డిస్ట్రిబ్యూటరీ శివారుకు నీరు చేరే తేదీని ప్రకటించాలి, ఆ తేదీకి ఎవరు జవాబుదారో పేరు చెప్పాలి. జిల్లా వ్యవసాయ వాతావరణ విభాగాలను తిరిగి తెరవాలి. కేంద్రం డబ్బివ్వకపోతే రాష్ట్రమే నడపాలి. ఆలస్యమయ్యే చోట్ల 120, 125 రోజుల రకాల విత్తనం ఇప్పుడే సిద్ధం చేయాలి. మా ఆయకట్టులో స్వర్ణ తప్ప వేయం అనే మన రైతుల పట్టుదల కూడా కొంత సడలాలి, ఆ మాట సంఘం లోపల మొహమాటం లేకుండా అనుకుంటున్నదే.

గ్రామ కమిటీలు చేయాల్సిన పని ఉంది. జూన్ 8న మృగశిర. ఆ రోజు ప్రతి కమిటీ తమ ఊరి కాలువ మొదటి నుంచి శివారు దాకా నడవాలి. ఎక్కడ పూడిక తీయలేదో, ఏ తూము పగిలిందో, ఏ డ్రెయిన్‌లో తూడు ఉందో రాసి, ఫొటోతో జిల్లా కార్యాలయానికి 12వ తేదీలోగా పంపాలి. వాటన్నిటినీ కలిపి ఇరిగేషన్ అధికారులకు ఇస్తాం. ఇంకొకటి, ప్రతి ఊళ్లో ఒకరు వాన కొలవాలి. నిలువుగా ఉండే డబ్బా ఒకటి ఆరుబయట, చెట్టుకూ గోడకూ దూరంగా పెట్టి, రోజూ ఉదయం 8.30కి స్కేలుతో నీటి లోతు చూసి నోటుబుక్కులో రాస్తే సరిపోతుంది. ఒక మిల్లీమీటరు వానంటే ఎకరానికి నాలుగు వేల లీటర్ల నీరు. మండల కేంద్రంలో కొలిచిన వాన మన ఊళ్లో పడిందనీ, పడలేదనీ రేపు బీమా దగ్గర వాదన వచ్చినప్పుడు ఆ నోటుబుక్కు బల్ల మీద పెడదాం. మహిళా సభ్యులు కొన్ని ఊళ్లలో ఈ పని మే నెల నుంచే మొదలుపెట్టారు. ఆ లెక్కలను వచ్చే సంచికలో వేస్తాం.

శివారుకు నీరు చేరిన తేదీ కూడా అదే పుస్తకంలో రాయండి. గేటు ఎత్తిన తేదీ మేము పేపర్లో చూసి రాసుకుంటాం.